గీజ్ ‘పది’కి యూనికోడ్ సంకేతం: చాలా ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

ఇథియోపియాలోని ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన కాలంలో నాకు పరిచయమై, అక్కడి మిత్రుల కోసం బైబిల్ కీర్తనల సూచికలు, క్యాలెండర్లు తయారుచేయడంలో ఇప్పటికీ నేను వాడుతున్న అక్షరం, అక్కడి ప్రాచీన భాష గీజ్ అంకెల్లోని ‘పది’. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో దాని సంఖ్య, అంటే కోడ్ పాయింట్, హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారమైన లెక్కలో) 1372. 1999లో వచ్చిన యూనికోడ్ 3.0లో గీజ్ రాసే ఇథియోపిక్ లిపితో పాటే దీనికి చోటు దక్కింది. ఈ కేటాయింపు సరైనదని, చిక్కులన్నీ దాన్ని చదివే ప్రోగ్రాముల దగ్గరే ఉన్నాయని వాడుతున్న కొద్దీ నాకు గట్టిగా అనిపించింది.

గ్రీకు అక్షరాల నుంచి రూపుదిద్దుకున్న ఈ అంకెల్లో సున్నా లేదు, మనకు అలవాటైన స్థానవిలువ పద్ధతీ లేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా తొమ్మిది, పది నుంచి తొంభై దాకా పదుల లెక్కన మరో తొమ్మిది, వంద, పదివేలు, మొత్తం ఇరవై అక్షరాలు. ఇథియోపియా క్యాలెండరులోని 2017వ సంవత్సరాన్ని ఇరవై, వంద, పది, ఏడు అనే నాలుగు అక్షరాలతో రాస్తారు. తెలుగులో పది రాయాలంటే ౧, ౦ రెండూ కావాలి కానీ, గీజ్‌లో పది ఒకే అక్షరం కనుక దానికి ఒకే కోడ్ ఇవ్వడం ఆ లిపికి న్యాయం చేసినట్టే.

అయితే ప్రోగ్రాములు రాసేవారు ఈ తేడాను తరచూ పట్టించుకోరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఇది అంకేనా అని చూసే ఈజ్‌డిజిట్‌తో అడిగితే గీజ్ తొమ్మిదికి అవునని, పదికి కాదని జవాబు వస్తుంది. సంఖ్యను సూచించే అక్షరమేనా అని చూసే ఈజ్‌న్యూమరిక్ మాత్రం రెండింటినీ ఒప్పుకుంటుంది. అందువల్ల ఈజ్‌డిజిట్‌తో వడపోసే ఏ ఫారమైనా మొదటి తొమ్మిది కీర్తనల సంఖ్యలను తీసుకుని పదో కీర్తన దగ్గర ఆగిపోతుంది. రాతను సంఖ్యగా మార్చే ఇంట్ ఫంక్షన్‌కు ౧౦ ఇస్తే తెలుగు అంకెలను చక్కగా చదివి 10 ఇస్తుంది కానీ, అదే ఫంక్షన్ గీజ్ ఒకటిని కూడా తిరస్కరిస్తుంది, ఎందుకంటే తెలుగు అంకెలు దశాంశ అంకెల వర్గంలో, గీజ్ అంకెలు ‘ఇతర సంఖ్యలు’ అనే వర్గంలో ఉన్నాయి. సున్నా లేని పద్ధతిని దశాంశ వర్గంలో చేర్చకపోవడమే సబబు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వరుసక్రమం. తొమ్మిది వెంటనే పది, తొంభై వెంటనే వంద వచ్చేలా కోడ్లు పేర్చారు కాబట్టి, విలువ లెక్కగట్టకుండా కేవలం కోడ్ల వరుసలో సార్టింగ్ చేసినా ఒకటి నుంచి 199 దాకా సంఖ్యలు క్రమం తప్పవు. 150 కీర్తనల సూచికకైనా, 176 వచనాలున్న 119వ కీర్తనకైనా ఇది నిక్షేపంగా సరిపోతుంది. 200 దగ్గర మాత్రం తప్పుతుంది. రెండు, వంద అని రాయాలి గనుక అది రెండుకూ మూడుకూ మధ్యకు వచ్చి కూర్చుంటుంది. అంతకు మించిన జాబితాలకు అసలు విలువను మామూలు అంకెల్లో విడి కాలమ్‌లో దాచుకోవడం నేను పాటించే పద్ధతి.

మామూలు సంఖ్యలను గీజ్‌లోకి మార్చే విధానాన్ని వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ వారి సీఎస్ఎస్ (వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే భాష) కౌంటర్ స్టైల్స్ మూడో స్థాయి పత్రం స్పష్టంగా వివరిస్తుంది: సంఖ్యను కుడి నుంచి రెండేసి స్థానాలుగా విడగొట్టి, మధ్యలో వంద, పదివేల గుర్తులను మార్చి మార్చి పెట్టుకుంటూ పోవాలి. ఒట్టి వందకు ముందు ఒకటి రాయకూడదన్న నియమాన్ని చాలామంది మరిచిపోతారు.

టైపింగ్ అంత సులువేమీ కాదు. నేను వాడిన ఫోన్ కీబోర్డులో ఈ అంకెలు గుర్తుల పేజీలో ఎక్కడో లోపల ఉండేవి. నిత్యవ్యవహారంలో అక్కడివారు కూడా ఎక్కువగా 1, 2, 3లే వాడతారు కాబట్టి అది అర్థం చేసుకోదగినదే. చర్చి పుస్తకాల పని చేసేవారికి మాత్రం ఫాంటు ఎంపిక ముఖ్యం. అబిస్సినికా ఎస్ఐఎల్, నోటో సాన్స్ ఇథియోపిక్ రెండింటిలోనూ ఈ ఇరవై అక్షరాలూ ఉన్నాయి. ప్రతి అంకెకూ పైనా కిందా అడ్డగీతలుంటాయి. రాతప్రతులకు అలవాటుపడిన కళ్లు పక్కపక్క అంకెల గీతలు కలిసిపోవాలని కోరుకుంటాయి. కొన్ని ఫాంట్లలో అవి కలవవు, కనుక అచ్చుకు పంపేముందు పదకొండును, అంటే పది పక్కన ఒకటిని, పెద్ద సైజులో టైపు చేసి ఆ అతుకు చూసుకోవాలి.