మూగజీవాల పేరిట మారథాన్: పర్లాకిమిడి పరుగు ఏర్పాట్లపై సమీక్ష

పేరు నమోదు చేసుకునేటప్పుడే ఈ పరుగు నిర్వాహకులపై నాకు గురి కుదిరింది. పరుగు ఖర్చులకు 1,500 రూపాయల రుసుమును ఒక గడిలోనూ, జంతువుల వైద్యానికి మనం ఇవ్వదలచుకున్న విరాళాన్ని మరొక గడిలోనూ విడివిడిగా చూపించారు. సేవ పేరుతో జరిగే పరుగుల్లో చాలావరకు అంతా కలిపి ఒకే మొత్తంగా వసూలు చేసి, మిగిలినదాంట్లో కొంత ఫలానా పనికి పోతుందని ప్రకటించి ఊరుకుంటారు. ఆ కొంత ఎంతో, టీషర్టులకూ పతకాలకూ వేదికకూ పోగా మిగిలేదేమిటో డబ్బు కట్టినవారికి తెలిసే దారి ఉండదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో దెబ్బతిన్న కుక్కలకూ పశువులకూ వైద్యం చేయించే ఒక చిన్న బృందం జనవరిలో జరిపిన ఈ పూర్తి మారథాన్‌లో మాత్రం, మూగజీవాలకని ఇచ్చిన రూపాయి పరుగు ఖర్చులో కలిసిపోయే అవకాశమే లేకుండా చేశారు.

రసీదులోనూ అదే జాగ్రత్త కనిపించింది. ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు విరాళానికే వస్తుంది కాని, టీషర్టూ, బిబ్బూ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) ఇచ్చి తీసుకున్న రుసుముకు రాదు. ఈ సంగతినీ, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే ఉండదనీ ముందుగానే స్పష్టంగా రాసి ఉంచారు. విరాళాలు తగ్గుతాయేమోనన్న భయంతో ఇలాంటివి దాచిపెట్టేవాళ్లను చూసిన నాకు ఇది చిన్న విషయంగా అనిపించలేదు.

పరుగెత్తేవారే తెలిసినవాళ్ల దగ్గర చందాలు పోగుచేసే పద్ధతి పెద్ద నగరాలకు కొత్త కాదు. 1981లో మొదలైన లండన్ మారథాన్‌కూ, 2004లో మొదలైన ముంబయి మారథాన్‌కూ అలా సమకూరే విరాళాల వల్ల కూడా పేరు వచ్చింది. మన వైపు అది ఇంకా అలవాటు కావలసి ఉంది. నేను అడిగిన ఒక బట్టల దుకాణం పెద్దాయన, ‘కుక్కకు మందు వేయించడానికి నువ్వు పరుగెత్తడమెందుకు బాబూ, డబ్బు కావాలంటే అడిగితే సరిపోదా’ అని నూటపదహార్లు చేతిలో పెట్టారు. ఆయన ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానమేమీ లేదు. అంత చిన్న మొత్తానికి కూడా ఆయన పేరుతో విడిగా రసీదు పంపడం నిర్వాహకుల మర్యాద.

పరుగు పర్లాకిమిడిలో తెల్లవారుజామున 5 గంటలకు మొదలై, కాశీనగరం వైపు దారిలో సగం దూరం వెళ్లి అదే దారిన వెనక్కు వస్తుంది. ఇటువంటి దారిలో చీకటివేళ పరుగెత్తేవారికి అసలు భయం కుక్కలే. పరుగెత్తే మనిషిని వెంటాడడం వాటి స్వభావం కాబట్టి, తరిమినప్పుడు నడకలోకి దిగాలనీ, రాయి తీయవద్దనీ, కళ్లలోకి చూడవద్దనీ ముందురోజు సాయంత్రం చక్కగా వివరించారు. అంతకన్నా నాకు నచ్చినది, ప్రతి పేటలోనూ రోజూ ఆ కుక్కలకు తిండి పెట్టేవాళ్లనే కార్యకర్తలుగా నియమించి, పరుగు మొదలయ్యే వేళకు వాటికి అన్నం పెట్టి దగ్గరే కూర్చోబెట్టడం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటనే తిరిగి వదలాలి. దారిపొడవునా చెవి కొసన కోత గుర్తు ఉన్న కుక్కలు కనిపించాయంటే ఆ పని ఇక్కడ జరుగుతోందన్నమాట. ఏ కుక్క ఏ పేటదో తెలిసిన మనుషులు ఉండబట్టే ఈ ఏర్పాటు సాధ్యమైంది. కర్రలు పట్టుకున్న కాపలావాళ్లను పెట్టి ఉంటే అరుపులూ ఉరుకులూ తప్ప మరేమీ మిగిలేది కాదు. అయినా, ఒకవేళ కాటు పడితే గాయాన్ని 15 నిమిషాలపాటు సబ్బుతో కడిగి ఆ తరవాతే టీకాకు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న సూచనతో, ప్రతి నీళ్ల పందిరి దగ్గరా ఒక బకెట్టూ సబ్బూ విడిగా ఉంచారు.

లారీల దీపాలకు మెరిసే పట్టీలను దారివెంట తిరిగే ఆవుల మెడలకు కట్టించడానికి ఈ బృందం విరాళాలు వాడుతుంది. అదే పట్టీని చీకట్లో బయలుదేరిన మా చేతులకూ కట్టారు. పతకం కన్నా దాన్నే దాచుకోవాలనిపించింది. అన్నట్టు, పతకం వద్దనుకున్నవారి పతకం ఖర్చు విరాళంలో కలుపుతామన్నారు, నేను పతకం వద్దన్నాను.

నీళ్ల ఏర్పాటు దగ్గరకు వచ్చేసరికి ఇంత మెచ్చుకోలేను. సగం దూరం వరకు ఓఆర్ఎస్, అరటిపండ్లు, బెల్లం ముక్కలు సమృద్ధిగా ఉన్నాయి. 30 కిలోమీటర్లు దాటాక, వాటి అవసరం నిజంగా మొదలయ్యే చోట, రెండు పందిళ్లలో వట్టి మంచినీళ్లే మిగిలాయి. గంటల తరబడి చెమటతో ఉప్పు పోగొట్టుకున్న మనిషి దాహం తీరాక కూడా వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి, తలనొప్పి, వాంతులు, చివరకు స్పృహ తప్పడం దాకా రావచ్చు. ముందు పరుగెత్తేవారు దీన్ని గమనించి ఉండరు. నెమ్మదిగా వచ్చేవారికే ఎక్కువసేపు దారిలో ఉండవలసి వస్తుంది, వాళ్లకే అన్నీ అయిపోయి ఉంటాయి. ఆ ఊళ్లలోని ఆడవాళ్లు ఉప్పు వేసిన చోడి అంబలి గ్లాసులతో రోడ్డు పక్కన నిలబడడం వల్ల నాలాంటివాళ్లు గట్టెక్కారు. అది ఏర్పాటు కాదు, వాళ్ల దయ.

ఇంకా నొప్పించినది నీళ్ల ప్యాకెట్లు. నీళ్లను ప్లాస్టిక్ సంచుల్లో ఇచ్చారు, తాగినవాళ్లు కొరికి రోడ్డు మీద పడేశారు, పడేసిన చోటనే కోతలైన పొలాల్లో ఆవులు మేస్తున్నాయి. ఉప్పు, పళ్లరసం అంటిన కవరును ఆవు తినేస్తే అది కడుపులోని మొదటి గదిలో పేరుకుని, మేత కదలకుండా అడ్డుపడుతుందని, అటువంటి పశువుల పొట్ట కోసి ప్లాస్టిక్ ముద్దలు బయటకు తీయవలసి వస్తుందని ఈ బృందానికి మనం చెప్పాలా? మధ్యాహ్నానికి కార్యకర్తలు దారంతా ఏరించిన మాట నిజమే కాని, ఆ మధ్యలో గడిచిన గంటలు ఆవులకు చాలు. కుండా, స్టీలు గ్లాసూ పెట్టి ఉంటే ఒక్కొక్కరికి అర నిమిషం ఆలస్యమయ్యేదేమో. మూగజీవాల కోసం పరుగెత్తడానికి వచ్చినవాళ్లకు అది భారం కాదు.

కాలం కచ్చితంగా కావాలనుకునేవారు ఒకటి గమనించాలి. గుర్తింపు పొందిన మారథాన్ దారిని లెక్కింపు పరికరం బిగించిన సైకిలుతో కొలిచి, పొరపాటున కూడా తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. ఇక్కడ అలా కొలవలేదని నిర్వాహకులే ఒప్పుకున్నారు కాబట్టి, 42.195 కిలోమీటర్లు పూర్తిచేశామన్న తృప్తే తప్ప ఇక్కడి సమయాన్ని మరోచోట అర్హతగా చూపలేము. ప్రకటనలు వేదిక మీద ఒడియాలోనూ తెలుగులోనూ వినిపించాయి; నమోదు పత్రం మాత్రం ఒడియా, ఇంగ్లీషుల్లోనే ఉంది. పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వచ్చినవాళ్లు పక్కవాళ్లను అడిగి నింపుకున్నారు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో ఇది జరగకూడని లోపం.

పరుగు ముగిసిన కొద్ది వారాలకు లెక్కలు పంపారు. కాలు విరిగిన కుక్కలకు వేసిన ప్లేట్లు, టీకాలు, వాహనం డీజిల్, పశువైద్యుడి రుసుము, ఇంకా ఖర్చుకాని మొత్తం, అన్నీ విడివిడిగా ఉన్నాయి. వ్యాపారులు ఇచ్చిన సహాయం ఏ పద్దులో చేరిందో మాత్రం అందులో కనబడలేదు. అడిగితే తరవాతి పత్రంలో చేరుస్తామన్నారు.

మళ్లీ జరిగితే నేను పేరు ఇస్తాను. మొదటిసారి పూర్తి దూరానికి వచ్చేవారు రెండు ఓఆర్ఎస్ పొట్లాలూ, మడిచి పెట్టుకునే నీళ్ల సీసా ఒకటీ వెంట తెచ్చుకోవాలి. బయటి ఊళ్లవారు నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలులో ముందురోజే పర్లాకిమిడి చేరుకోవడం మంచిది, ఎందుకంటే బిబ్బులు పరుగు రోజు ఉదయం ఇవ్వరు.