పాత యుద్ధాల ఫిల్ము: పదేళ్లు వాడాక నా అభిప్రాయం

చెన్నై సాలిగ్రామంలో ఒక ఇరుకు గదిలో డాక్యుమెంటరీలకు శబ్దం కూర్చడం నా పని. బ్రిటిష్ పాథే సంస్థ 2014లో తన దగ్గరున్న సుమారు 85,000 వార్తాచిత్రాలను (అప్పట్లో సినిమా హాళ్లలో చూపిన వార్తల ఫిల్ములను) యూట్యూబులో పెట్టినప్పటి నుంచి యుద్ధాలు, ప్రమాదాలు, తుపానుల ఫిల్మును దాదాపు రోజూ చూస్తున్నాను. మరుసటి ఏడు అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, మూవీటోన్ వార్తాచిత్రాల నిల్వలు కూడా వచ్చి చేరాయి. అంతకు ముందు ఒక్క ముక్క కావాలంటే విదేశానికి ఉత్తరం రాసి, టేపు వచ్చేదాకా కాచుకోవాలి. ఇప్పుడు కాఫీ చల్లారేలోగా దొరుకుతుంది. ఆ సౌకర్యానికే సగం మార్కులు ఇచ్చేస్తాను. పేచీ అంతా మిగతా సగంతోనే.

పేచీ శబ్దం గురించి. అప్పటి కెమెరామన్లు యుద్ధరంగానికి ఎక్కువగా మూగ కెమెరాలే మోసుకెళ్లారు. ఫిరంగుల మోత, విమానాల రొద, జనం హాహాకారాలు చాలావరకు తరువాత స్టూడియోలో అతికించినవే. నేను చేసేదీ ఆ పనే కనుక అతుకు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. కిలోమీటరు దూరంలో బాంబు పడితే ముందు పొగ కనిపించాలి, దాదాపు మూడు సెకన్ల తరువాత చప్పుడు రావాలి. వార్తాచిత్రాల్లో పొగా మోతా కవలపిల్లల్లా ఒక్కసారే పుడతాయి.

హిండెన్‌బర్గ్ సంగతే చూడండి. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్ దగ్గర ఆ జర్మన్ ఆకాశనౌక మండిపోయి 36 మంది చనిపోయారు. మంటల మీద రేడియో వ్యాఖ్యాత హెర్బర్ట్ మోరిసన్ గద్గద స్వరం వినిపించే ఫిల్ము చాలామంది చూసే ఉంటారు. కానీ ఆ గొంతు వేరే డిస్కు మీద రికార్డయింది. బొమ్మలు తీసినవాళ్లు వేరు. రెంటినీ కలిపింది తరువాతే. అది ప్రత్యక్ష ప్రసారం కూడా కాదు. మొదటిసారి ఈ విషయం తెలిసినప్పుడు నాకు మోసపోయినట్టే అనిపించింది. ఇప్పుడు మాత్రం, ఎవరో నా వృత్తివాడు బాగా చేశాడనిపిస్తుంది!

ఇక వేగం. మూగచిత్రాల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు 16, 18 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన. దాన్ని 24 ఫ్రేములతో ఆడిస్తే చావబోయే సైనికుడు కూడా చాప్లిన్‌లా గునగున నడుస్తాడు, చూసేవాళ్లు నవ్వుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 నాటి సోమ్ యుద్ధం ఫిల్మును కొందరు పిల్లలకు చూపిస్తే సరిగ్గా అదే జరిగింది. ఇలాంటి చోట యూట్యూబులో ఆడే వేగాన్ని 0.75కు తగ్గించండి. 24 కాస్తా 18 అవుతుంది, మనుషులు మనుషుల్లా నడుస్తారు. అన్నట్టు, అదే ఫిల్ములో సైనికులు కందకం నుంచి పైకెక్కే ప్రసిద్ధ దృశ్యం యుద్ధరంగంలో కాక శిక్షణ స్థలంలో నటింపజేసి తీసిందని చరిత్రకారులు చెబుతారు. గాలికి ఊగి కూలిందని భౌతికశాస్త్రం క్లాసుల్లో చూపించే అమెరికాలోని టకోమా వంతెనదీ వేగం కథే. 1940 నవంబరు 7న కూలిన ఆ వంతెనను 16 ఫ్రేములతో తీసి 24తో ఆడించిన ప్రతుల్లో అది నిజానికన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా మెలికలు తిరుగుతుంది.

ఫిల్ములో ఏముందో చెబుతూ అతికించిన చీటీలను అసలు నమ్మకండి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు థియేటర్లలో టైటానిక్ అని చూపించిన వాటిలో దాని సోదర నౌక ఒలింపిక్ బొమ్మలున్నాయి. వందేళ్ల తరువాత మా అనుభవమూ అంతే. ఒక విదేశీ సంస్థ దగ్గర సెకన్ల లెక్కన డబ్బు కట్టి 'బర్మా, 1943' అన్న ముక్క కొన్నాం. కొనేముందు చూపించే నమూనా మీద అంకెలు అడ్డంగా ఉండి బొమ్మ సరిగా కనపడలేదు. అసలు ప్రతి వచ్చాక చూస్తే వెనుక ఇసుక దిబ్బలు, వాటి మీద తీరుబడిగా నడిచిపోతున్న ఒంటె. డబ్బు తిరిగి రాలేదు. ఆ ఒంటె మాత్రం మా గదిలో సామెత అయి కూర్చుంది.

మన తీరం గురించి వెతికేవాళ్లు పాత పేర్లు వాడాలి: మద్రాస్, వైజగపటం, కొకనాడా, మసులీపటం. అయినా పెద్ద ఆశలు పెట్టుకోకండి. 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. అది రాత్రిపూట, ఆనాటి ఫిల్ముకు చీకట్లో చూపు లేదు. 1964లో ధనుష్కోడి దగ్గర రైలును సముద్రం మింగింది కూడా రాత్రే. కెమెరా మర్నాడు వస్తుంది. శిథిలాలను తీస్తుంది.

రంగులద్ది, ఫ్రేములు పెంచి నున్నగా చేసిన కొత్త ప్రతులకు నా దగ్గర సున్నా మార్కులు. బురద రంగు కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కిందటేడు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసిన ఘటన మీద చిన్న భాగం చేశాను. కదిలే బొమ్మ ఒక్కటీ దొరకక రేవు ఫొటోలే వాడాం. శబ్దం నిండుగా కూర్చి మా మేనత్తకు చూపించాను. అప్పుడు ఆవిడ ఎనిమిదేళ్ల పిల్ల, ఆ ఊళ్లోనే ఉంది. మొత్తం విని, "బాంబుల సంగతి నాకు గుర్తు లేదు నాయనా. ఆ కుక్కలు ఎందుకు పెట్టావు? ఆ రాత్రి మా వీధిలో ఒక్క కుక్క కూడా మొరగలేదు" అంది.

మొరుగుళ్లు తీసేశాను.