టిక్కు నిజమే, ఉద్యోగమే అబద్ధం: రెండున్నరేళ్లు వెరిఫైడ్ గుర్తును నమ్మాక నా సమీక్ష

2023 చివర్లో నా ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్ల అనుభవం ఉన్నా అప్పట్లో ఇంటర్వ్యూ కాల్ రావడమే గగనంగా ఉండేది. ఉద్యోగాల కోసం వాడే లింక్డిన్ సైట్‌లో ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరించుకునే వీలు మన దేశంలోకి ఆ ఏడాదే వచ్చింది. డిజీలాకర్ ద్వారా ఆధార్ వివరాలు ఇవ్వాలి, ఒక సెల్ఫీ దిగాలి, అంతే. డబ్బులు కట్టక్కర్లేదు. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ప్రొఫైల్‌లో ఒక్క అక్షరమే ఉంది. రెండు పేర్లూ కలవాలి కాబట్టి ప్రొఫైల్‌లో పేరు మార్చుకున్నాను. పేరు పక్కన టిక్కు కనిపించాక ధైర్యం వచ్చినట్టయింది. ఆ రోజు నుంచి నాకు మెసేజ్ పెట్టిన ప్రతి రిక్రూటర్ పేరు పక్కనా అదే వెతకడం మొదలుపెట్టాను. ఉంటే మాట్లాడేదాన్ని, లేకపోతే వదిలేసేదాన్ని.

ముందు మంచి చెప్పాలి. నకిలీ ఫోటో, ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన పేరు, నిన్నగాక మొన్న తెరిచిన అకౌంటు లాంటివాటిని వడకట్టడానికి ఈ గుర్తు బాగా పనికొస్తుంది. ప్రొఫైల్ గురించిన వివరాల్లో అకౌంటు ఏ నెలలో తెరిచారో కూడా ఉంటుంది. పదిహేనేళ్ల అనుభవం ఉందని రాసుకున్న మనిషి అకౌంటు వయసు మూడు నెలలే అయితే అక్కడితో ఆగిపోవచ్చు. అలా నేను ఆగిపోయినవి చాలానే ఉన్నాయి.

అయితే ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: ఈ పేరున్న మనిషి ఒకరున్నారు అని. పనిచేసే చోటుకు వేరే ధ్రువీకరణ ఉంటుంది. కంపెనీ మెయిల్‌కి కోడ్ వస్తుంది, అది కొడితే ఫలానా కంపెనీ మెయిల్ ఈ మనిషి చేతిలో ఉందని తేలుతుంది. ఆ కంపెనీలో నిజంగా ఉద్యోగం ఖాళీ ఉందా, మన దగ్గర డబ్బు అడుగుతారా, రేపు తలుపు తీసి ఉంటుందా అన్నవి ఏ టిక్కూ చెప్పదు. ఈ తేడా నాకు పుస్తకంలో చదివి తెలియలేదు, మా పిన్ని కొడుకు వల్ల తెలిసింది.

వాడు 2023లో బీటెక్ పూర్తి చేశాడు. ఏడాది తిరిగినా ఉద్యోగం రాలేదు. 2024 జూన్‌లో ఒక ఉద్యోగాల సైట్‌లో వాడికి ఒక హెచ్ఆర్ మెసేజ్ పెట్టింది. ‘అక్కా, ఒక్కసారి చూసి చెప్పవా’ అని వాడు స్క్రీన్‌షాట్ పంపాడు. ఇంట్లో ఇలాంటివి చూసేది నేనే. ఆమె పేరు పక్కన వెరిఫైడ్ అని ఉంది. కంపెనీ మెయిల్ కూడా ఆ కంపెనీదే, జీమెయిల్ కాదు. నేను అక్కడితో ఆగలేదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూశాను, రిజిస్టర్ అయ్యే ఉంది, స్టేటస్ యాక్టివ్ అని ఉంది. జీఎస్టీ నంబరు వెతికితే అదీ నిజమే. మాదాపూర్‌లో ఆఫీసుంది. వాడు వెళ్లి చూసి వచ్చాడు: రెండో అంతస్తు, వరసగా కంప్యూటర్లు, గుమ్మం దగ్గర వేలిముద్ర మెషిన్.

అడిగింది లక్షా ఎనభై వేలు. మూడు నెలల ట్రైనింగ్, ఆ తర్వాత ప్రాజెక్టు, జీతం. హైదరాబాద్‌లో దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. అమీర్‌పేటలో కోర్సు చేసిన వాళ్లెవరినడిగినా చెబుతారు. డబ్బు కట్టి చేరి నిజంగానే స్థిరపడ్డామని చెప్పేవాళ్లూ ఉండటంతో జనంలో ఆశ చావదు. పిన్ని గాజులు తాకట్టు పెట్టి రెండు విడతలుగా కట్టింది. కట్టమని చెప్పింది నేనే. ‘అన్నీ చెక్ చేశాను పిన్నీ, వెరిఫైడ్ మనిషే’ అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

రెండు నెలలు స్టైపెండ్ అని పన్నెండు వేల చొప్పున వేశారు. అక్టోబర్‌లో ఒక సోమవారం వాడు వెళ్లేసరికి తాళం వేసి ఉంది. నేనూ వెళ్లి చూశాను. మెట్ల మీద నలభై మంది దాకా పిల్లలున్నారు, కొందరి చేతుల్లో టిఫిన్ డబ్బాలు అలాగే ఉన్నాయి. గుమ్మం పక్కన వేలిముద్ర మెషిన్ లేదు. అది ఉన్న చోట గోడకు రెండు స్క్రూ కన్నాలు, వేలాడుతున్న తెల్ల వైరు మిగిలాయి. ఫోన్ తీసి ఆ హెచ్ఆర్ ప్రొఫైల్ చూశాను. టిక్కు అలాగే ఉంది. ఎందుకుండదు? ఆమె పేరు నిజం, ఆధార్ నిజం, మెయిల్ నిజం. కంపెనీ పుట్టిందీ నిజమే. అబద్ధమల్లా ఉద్యోగం ఒక్కటే, దాన్ని వెరిఫై చేసే బటన్ ఎక్కడా లేదు.

ఇంకో విషయం. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ ఎప్పుడు పెట్టారో తేదీ ఉంటుంది, చెల్లించిన మూలధనం, అంటే యజమానులు పెట్టిన డబ్బు ఎంతో కూడా ఉంటుంది. నేను చూసిన పేజీలోనే రెండూ ఉన్నాయి. కంపెనీ వయసు ఏడు నెలలు, మూలధనం లక్ష రూపాయలు. యాక్టివ్ అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. కేసు పెట్టాం. డబ్బు ఇంకా రాలేదు.

ఆ తర్వాత ఈ గుర్తును వేరే కళ్లతో చూడటం అలవాటైంది. పోయినేడు నాకే ఒక మెసేజ్ వచ్చింది: మీ వెరిఫైడ్ అకౌంటు మాకు అద్దెకివ్వండి, నెల నెలా డబ్బులిస్తాం అని. వెంటనే రిపోర్ట్ చేశాను. అంటే టిక్కు ఉన్న ఆ పేరు వెనక కూర్చుని టైప్ చేసేది ఆ పేరు గల మనిషే అన్న భరోసా కూడా లేదు. ఇక మాట వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మారిందంటే సైట్‌లో ఉన్న టిక్కుకి అక్కడ ఏ విలువా లేదు. నిజమైన రిక్రూటర్ ఫోటో, పేరు డీపీగా పెట్టుకుని ఎవరైనా మాట్లాడొచ్చు. ట్రూకాలర్‌లో కనిపించే పేరు సంగతీ అంతే, పదిమంది ఏ పేరుతో సేవ్ చేసుకుంటే ఆ పేరే చూపిస్తుంది.

దీనికి రెండో వైపూ ఉంది, అది నాకు బాగా నష్టం చేసింది. విజయవాడలో ఒక చిన్న కంపెనీ నుంచి ఒకాయన రెండుసార్లు మెసేజ్ పెట్టారు. టిక్కు లేదని జవాబివ్వలేదు. తీరా చూస్తే నాతో పాత ఆఫీసులో పనిచేసిన అమ్మాయి ఆ ఉద్యోగంలోనే చేరింది. చిన్న కంపెనీల్లో హెచ్ఆర్ పనీ అకౌంట్స్ పనీ ఒకే మనిషి చూస్తారు. వాళ్లకు ఈ ధ్రువీకరణలు పెట్టుకునే తీరికెక్కడిది!

2025 సెప్టెంబర్‌లో లింక్డిన్ ఒక మార్పు ప్రకటించింది. రిక్రూటర్ అని హోదా పెట్టుకోవాలన్నా, మార్చుకోవాలన్నా పనిచేసే చోటును ధ్రువీకరించుకోవాల్సిందే అని. పెద్ద కంపెనీల పేరు వాడుకుని మోసం చేసేవాళ్లకు ఇది అడ్డం పడుతుంది. నాకు సంతోషమే. మా పిన్ని కొడుకు విషయంలో మాత్రం ఇది ఉన్నా ఆగేది కాదు. ఆ హెచ్ఆర్ అన్ని పరీక్షలూ పాసయ్యేదే.

విదేశీ ఉద్యోగాలకు ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. 1983 వలసల చట్టం కింద లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు అందులో వెతుక్కోవచ్చు. ఏజెంటు తీసుకోగల సర్వీస్ చార్జీ ముప్పై వేలు, ఆపైన జీఎస్టీ, అంతకు మించకూడదు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. కానీ ఊళ్లోకి వచ్చేది లైసెన్సున్న ఏజెంటు కాదు, ఆ లైసెన్సు నంబరు చెప్పుకుని తిరిగే సబ్ ఏజెంటు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి కుర్రాళ్ల చేత సైబర్ మోసాలు చేయించారు. వాళ్లను పంపిందీ తెలుగు మాట్లాడే ఏజెంట్లే. తెలిసిన ముఖం, మన భాష, ఎవరో చుట్టం మాట. ఆ నమ్మకం ముందు ఏ పోర్టల్ గుర్తుకొస్తుంది?

ఐదుకు ఎంతిస్తారని అడిగితే మూడు ఇస్తాను. మనిషెవరో తెలుసుకోవడానికి మూడూ న్యాయమే. ఉద్యోగం ఉందో లేదో తెలుసుకోవడానికి సున్నా. ఇప్పుడు నేను చేసేది వేరు. కంపెనీ సొంత సైట్‌లో ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేసి ఫలానా మనిషి, ఫలానా పోస్టు ఉన్నాయా అని అడుగుతాను. కంపెనీ పుట్టిన తేదీ చూస్తాను. యూపీఐలో డబ్బు ఎవరి పేరున వెళ్తుందో చూడమంటాను, కంపెనీ ఫీజు ఒక మనిషి సొంత ఖాతాకి వెళ్తోందంటే ఇక మాట్లాడేదేమీ లేదు. డబ్బు అప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటాను. అక్కడ ప్రతి నిమిషమూ విలువే.

పోయిన వారం మా వీధిలో అమ్మాయి ఒక ఆఫర్ చూపించింది. హెచ్ఆర్ పేరు పక్కన టిక్కు మెరుస్తోంది. లాప్‌టాప్ డిపాజిట్ తొమ్మిది వేలు, చేరాక తిరిగిస్తారట. ‘ఆ తొమ్మిది వేలూ నా మొదటి జీతంలోంచి పట్టుకోండి మేడమ్’ అని రాయమన్నాను. నా ముందే వాట్సాప్‌లో రాసింది. చదివినట్టు రెండు టిక్కులూ నీలంగా మారాయి. పది నిమిషాలు చూశాం, జవాబు లేదు. సాయంత్రానికి ఆ నంబరు డీపీ కూడా కనిపించడం మానేసింది.