అడవిలో జబ్బు కనిపిస్తే సూది ఎవరికి వేయాలి?

అడవి జంతువుల్లో ఏదైనా రోగం బయటపడగానే ముందు వినిపించే మాట "చంపేయండి". భయంలో ఉన్నవాళ్లకు అది గట్టి పనిలా కనిపిస్తుంది. నేను మాత్రం దాన్ని అన్నిటికన్నా చివర పెడతాను.

ఉగాండాలోని కిటాకా గనిలో 2007లో పనివాళ్లకు ప్రాణాంతకమైన మార్‌బర్గ్ వైరస్ సోకింది. గబ్బిలాల వల్లేనని తేలాక గనిలో ఉన్న గబ్బిలాల గుంపునంతా తుడిచిపెట్టారు. కొన్నేళ్లకు మళ్లీ గబ్బిలాలు చేరాయి. 2012లో పరీక్షిస్తే, వైరస్ ఉన్నవాటి శాతం మునుపటికి రెట్టింపు దాటింది. బ్రిటన్‌లో పశువుల క్షయను ఆపాలని, దాన్ని మోసే బ్యాడ్జర్లు అనే బొరియ జంతువులను చంపి చూసిన ప్రయోగంలోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. చంపిన చోట క్షయ కొంత తగ్గింది కానీ, మిగిలిన బ్యాడ్జర్లు చెదిరి తిరగడంతో చుట్టుపక్కల పెరిగింది.

మరి అడవి జంతువులకే టీకా వేస్తే? నక్కల విషయంలో ఇది అద్భుతంగా పనిచేసింది. వాటిని కాల్చి చంపినా రేబీస్ ఆగకపోవడంతో, 1978లో స్విట్జర్లాండ్‌లో కోడి తలల్లో టీకా మందు పెట్టి అడవిలో వేశారు. నక్క కొరికితే లోపలి పొట్లం చిట్లి మందు నోట్లో పడుతుంది. పట్టుకునే పని లేదు, మత్తు ఇచ్చే పని లేదు. 1999 నాటికి ఆ దేశం రేబీస్ నుంచి బయటపడింది. కానీ అన్ని జంతువులూ ఇలా ఎర తినవు. ఒక్కోదాన్ని పట్టి సూది వేయడమంటే ఆ జంతువుకూ ప్రమాదమే. కొన్ని వందలే మిగిలిన ఇథియోపియా తోడేళ్ల లాంటి వాటికైతే ఆ ప్రమాదానికి సిద్ధపడాల్సిందే.

నా మొగ్గు మాత్రం అడవి అంచున ఉన్న మన పశువుల వైపే. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో పశువులకు వచ్చే ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, ఏటా వైల్డ్‌బీస్ట్ అనే జింకలాంటి పెద్ద జంతువు దూడల్ని పొట్టన పెట్టుకునేది. వ్యాధికి మూలం అడవి జంతువులే అనుకున్నారు. చుట్టూ ఉన్న ఊళ్ల పశువులకు టీకాలు వేశాక, 1960ల తొలి ఏళ్లలోనే వైల్డ్‌బీస్ట్‌లలోనూ ఆ రోగం మాయమైంది. ఒక్క వైల్డ్‌బీస్ట్‌నీ ముట్టుకోలేదు! రెండున్నర లక్షల మంద 1970ల చివరికి పదమూడు లక్షలు దాటింది. ఆ సంఖ్య ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఇది ప్రతి రోగానికీ సరిపోదు. 1994లో అక్కడే కుక్కల డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సుమారు వెయ్యి సింహాల్ని బలిగొంది. తర్వాత చుట్టుపక్కల కుక్కలకు టీకాలు వేసినా సింహాలకు ఆ వైరస్ సోకడం పూర్తిగా ఆగలేదు. అది ఇతర మాంసాహార జంతువుల్లోనూ తిరుగుతుంది మరి. కుక్కలకు టీకా వేయడం మానకూడదు, అదొక్కటే చాలనీ అనుకోకూడదు.

ఇక దూరం పాటించడం. గొరిల్లాలకు మన జలుబే ప్రాణాంతకం కావచ్చు కాబట్టి, చూడ్డానికి వెళ్లేవాళ్లు మాస్కు కట్టుకుని పది మీటర్ల అవతల నిలబడాలి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ భయానికి చేసిన ఉపాయం ఇంకా చిన్నది. జనం తాగే రసం కోసం ఈత చెట్టుకు పెట్టిన గీత (కోత) దగ్గర రాత్రి గబ్బిలాలు రసం నాకుతాయి, వాటి మూత్రం, లాలాజలం కుండలో పడతాయి. ఆ గీతనూ కుండనూ కప్పేలా ఒక వెదురు తడిక కట్టారు. గబ్బిలం వచ్చినా రసం దాకా చేరలేదు, దాని ప్రాణానికీ ఏమీ కాదు.