పర్లాకిమిడిలో చర్చి సామాను చేసే వడ్రంగి షాపు: బెంచీలు నిక్షేపం, బాప్తిస్మపు తొట్టికి మాత్రం ముందే మాట్లాడుకోవాలి

గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, సరిహద్దు అవతల పాతపట్నం, మెళియాపుట్టి వైపూ కొత్తగా చర్చి కట్టుకున్న సంఘాలకు పనికొచ్చే షాపు ఇది. ఇంగ్లండ్‌లోని మధ్యయుగపు గ్రామ చర్చిల సామాను ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టుకుని, అదే పద్ధతిలో టేకుతో చేసి ఇస్తారు. పని తెలిసిన మేస్త్రీలే. కాకపోతే కొన్ని వస్తువుల్లో పైరూపం వచ్చింది కానీ, ఆ రూపం ఎందుకు పుట్టిందో ఆ కారణం జారిపోయింది.

ముందుగా బెంచీలు. షాపులో అన్నిటికంటే మంచి పని ఇదే. ఇంగ్లండ్ గ్రామ చర్చిల్లో మొదట్లో జనం నిలబడేవారు, మోకరించేవారు. గోడల వెంట రాతి అరుగులు కొన్నిచోట్ల ఉండేవి. బెంచీలు విరివిగా వచ్చింది 15వ శతాబ్దంలో. సఫోక్, నార్ఫోక్ ప్రాంతాల్లో బెంచీ చివరి పలక మీద ఆకుల మొగ్గలాంటి చెక్కడం నిలబడి ఉంటుంది. డెవన్, కార్న్‌వాల్, సోమర్‌సెట్‌లో పలక నలుచదరంగా ఉండి, ముఖమంతా చెక్కడమే. ఈ షాపులో రెండూ చేస్తారు. చదరపు పలకే తీసుకోండి. మొగ్గను వీళ్ళు విడిగా చెక్కి పైన అతికిస్తున్నారు. పిల్లలు పట్టుకుని ఊగితే నాలుగు రోజుల్లో కదులుతుంది. మొగ్గే కావాలంటే పలకతో పాటు ఒకే చెక్కలోంచి, నార నిలువుగా ఉండేలా తీయమనాలి.

అతుకులు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. ఒక చెక్క చివర కుసి (నాలుకలాంటి సన్నని భాగం) తీసి, రెండోదాని బెజ్జంలో (దానికి సరిపడే రంధ్రంలో) దింపి, అడ్డంగా చెక్క చీల కొడుతున్నారు. చీల రంధ్రాన్ని కుసిలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దాని మొదలు వైపుకు జరిపి వేస్తారు కనుక, చీల దిగేకొద్దీ రెండు చెక్కలూ దగ్గరికి బిగుస్తాయి. జిగురు మీద ఆధారపడని ఈ పద్ధతే ఇంగ్లండ్ ఓక్ సామాను అయిదారు వందల ఏళ్ళు నిలబడడానికి ఒక కారణం. ఇంకొకటి కింది దుంగ. పాత బెంచీల చివరి పలకలను చాలాచోట్ల నేల మీద పరిచిన దుంగలో దించేవారు, దాంతో పలక అడుగు తడి నేలకు తగలదు. షాపువాళ్ళు ఖర్చు తగ్గుతుందని దీన్ని తీసేస్తున్నారు. చెదలు, వానాకాలపు చెమ్మ ఉన్న మన వైపు అది తీసేయాల్సిన భాగం కాదు. రెండంగుళాల దుంగ అడిగి వేయించుకోండి.

కలప లెక్క కూడా తెలిసి ఉండాలి. ఆరడుగుల బెంచీకి రెండంగుళాల మందం పలకలు రెండు, అంగుళంపావు కూర్చునే చెక్క, అంగుళం వీపు చెక్క, పుస్తకాల పలక, దుంగ కలిపి సుమారు మూడున్నర ఘనపుటడుగులు. కోత, చిత్రికలో పోయేది చేరిస్తే నాలుగున్నర. బిల్లులో ఏడు ఘనపుటడుగులు రాస్తే ఎందుకని అడగండి. చేవ (మాను నడిమి గట్టి చెక్క) ఉన్న టేకే కావాలని బిల్లులో రాయించాలి. అంచుల్లో తెల్లచెక్క కనిపిస్తే ఆ పలక వద్దనండి, చెదలు మొదట పట్టేది అక్కడే. ఆరడుగులు దాటిన బెంచీకి మధ్యలో మరో కాలు లేకపోతే కూర్చునే చెక్క వంగుతుంది.

తెర సంగతి వేరు. పాత ఇంగ్లీషు చర్చిల్లో జనం ఉండే హాలుకూ బలిపీఠం ఉన్న భాగానికీ మధ్య కొయ్య తెర ఉండేది. కింద సగం మూసిన పలకలు, పైన సగం జాలీ. పలకల మీద పునీతుల బొమ్మలు వేసేవారు, నార్ఫోక్‌లోని రాన్‌వర్త్ తెర ఇందుకు పేరుపొందింది. తెర పైన సిలువ, దాన్ని మోసే అటక ఉండేవి. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ మత సంస్కరణ కాలంలో సిలువలు తీయించారు. 1561లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం అటకలు కూల్చి తెర ఉంచమని ఆజ్ఞ ఇచ్చింది. ఈ షాపు తెరలో జాలీని మిషన్ మీద ఎం.డి.ఎఫ్. (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన) పలకలో కోస్తున్నారు. దూరం నుంచి బాగానే ఉంటుంది, దగ్గరికెళ్తే చదునుగా, నీడ లేకుండా తేలిపోతుంది. పాత జాలీ అందమంతా మందమైన చెక్కలో ఉలితో లోతుగా తీసిన అంచుల్లోనే ఉంది. పైగా ఎం.డి.ఎఫ్. మన వానలకు ఉబ్బుతుంది. ఒకటిన్నర అంగుళాల టేకులో చేయించండి. కింది పలకలను గాడిలో జిగురు పెట్టి అతికించనివ్వకండి. టేకు వానకు ఉబ్బుతుంది, చలికాలంలో కుదించుకుంటుంది. అతికిస్తే ఎండినప్పుడు పలక నిలువునా పగులుతుంది. గాడిలో పక్కకు మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, జిగురు లేకుండా కూర్చోబెట్టాలి.

ఇక తొట్టి. ముంచి బాప్తిస్మమిచ్చే బాప్టిస్టు సంఘాలకు ఇది అక్కర్లేదు. కాథలిక్, లూథరన్ సంఘాలకు ముఖ్యం. షాపువాళ్ళు ఎనిమిది పలకల తొట్టిని ఖొండలైట్ రాతితో బయట చెక్కించి తెప్పిస్తారు. ఎనిమిది పలకల రూపం 15వ శతాబ్దపు ఇంగ్లండ్‌కు సరిగ్గా సరిపోతుంది. నార్ఫోక్, సఫోక్‌లలో ఏడు పలకల మీద ఏడు సంస్కారాలు (బాప్తిస్మం, పెళ్ళి లాంటి కాథలిక్ మతకర్మలు), ఎనిమిదో దాని మీద వేరే దృశ్యం చెక్కిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. చెక్కడానికి ఖొండలైట్ సులువే, కానీ నీళ్ళు నిలవడానికి పనికిరాదు. నీరు పీల్చి పొరలు రాలుతుంది, కోణార్క్ గుడి రాయి అరిగిన తీరు తెలిసినదే. గ్రానైట్ అడగండి. పాత తొట్లకు లోపల సీసపు రేకు, అడుగున నీరు నేలలోకి దిగే రంధ్రం ఉండేవి. ప్రతిష్ఠించిన నీటిని ఎవరూ ఎత్తుకుపోకుండా మూత వేసి తాళం పెట్టేవారు, 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ అలా ఆజ్ఞాపించారు. ఇక్కడి తొట్టికి రంధ్రమూ లేదు, మూతా లేదు. సీసం విషం కాబట్టి స్టీలు గిన్నె దించి, అంగుళం గొట్టంతో చర్చి బయట ఇంకుడు గుంటకు కలపాలి. రెండడుగుల గ్రానైట్ తొట్టి పీఠంతో సహా 300 కిలోల దాకా తూగుతుంది. టైల్స్ మీద నేరుగా పెట్టకుండా కింద కాంక్రీటు దిమ్మె పోయించండి. చోటు పాత పద్ధతిలో తలుపు దగ్గరే.

పల్పిట్ (ప్రసంగ వేదిక) సన్నని కాడ మీద నిలబడే రకం. బాగుంది, కానీ నేలకు నాలుగు బోల్టులు బిగించకపోతే ఊగుతుంది. బలిపీఠం ముందరి కటకటాన్ని కూడా షాపువాళ్ళు మధ్యయుగపుదే అంటున్నారు. అది విరివిగా వచ్చింది 1630లలో, ఆర్చిబిషప్ లాడ్ కాలంలో. నచ్చితే చేయించుకోండి, తెర కాలపుదే అని మాత్రం అనుకోకండి.

కలప మీరే తెచ్చి ఇస్తే కొన్న రసీదు, అటవీశాఖ రవాణా అనుమతి దగ్గరుంచుకోవాలి. పని ఫిబ్రవరి, మే మధ్య పెట్టించండి. వానల్లో కోసిన చెక్క సంక్రాంతికల్లా అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది.