జపాన్ బడి సైకిలు: ఏడాది తొక్కాక తేలిన గాలి సంగతి

స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద జపాన్ వెళ్లిన హైస్కూల్ విద్యార్థికి, బడి నడిచే దూరంలో లేకపోతే, తనని ఉంచుకునే హోస్ట్ కుటుంబం ఇంట్లో ముందు చేతికొచ్చేది సైకిలు. మమచరి అంటారు అక్కడ. ముందు బుట్ట, వెనక గుండ్రటి తాళం, చీకటి పడగానే తనంతట తనే వెలిగే డైనమో లైటు, ఇవన్నీ బాగుంటాయని వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నాకు పడనిది ఒక్కటే: వాల్వు లోపల ఉండే అంగుళం పొడవు రబ్బరు గొట్టం. మనం వాల్ ట్యూబు అనేదే. మిగతా సైకిలంతా పదేళ్లు నిలిచేలా చేసి, ఆ ఒక్కచోట ఎందుకంత పిసినారితనమో అర్థం కాదు.

మమచరి ట్యూబుకి ఉండేది డన్‌లప్ వాల్వు. లోపల సన్నటి లోహపు పిన్ను, దాని పక్కన ఓ చిన్న కన్నం, ఆ కన్నాన్ని కప్పుతూ ఈ రబ్బరు. పంపు కొట్టినప్పుడు రబ్బరు కాస్త ఉబ్బి గాలిని లోపలికి పోనిస్తుంది. కొట్టడం ఆపగానే లోపలి ఒత్తిడే దాన్ని పిన్నుకి అదిమి కన్నం మూసేస్తుంది. రబ్బరు ఎండిపోయినా, కన్నం దగ్గర చీలినా ట్యూబు నిక్షేపంలా ఉండగానే గాలి దిగిపోతుంది. సాయంత్రం గట్టిగా ఉన్న టైరు మర్నాడు బడికి బయల్దేరే వేళకి మెత్తగా ఉంటుంది. అందరూ పంక్చర్ అనుకుంటారు. అది కనిపెట్టడానికి షాపుదాకా పోనక్కర్లేదు: మూత తీసి వాల్వు నోటి మీద రెండు చుక్కల నీళ్లు వేస్తే, బుడగలు వచ్చాయా, తప్పు రబ్బరుదే. రాకపోతే అప్పుడు పంక్చర్ వెతకాలి.

మార్చడం పది నిమిషాల పని. రబ్బరు వంద యెన్ల షాపుల్లోనూ దొరుకుతుంది, ముషిగొము అని అడగాలి. పంపు పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి, ఎందుకంటే పిన్ను తీయగానే ఉన్న గాలంతా పోతుంది. వాల్వు పైనున్న నట్టు చేత్తోనే విప్పి పిన్ను లాగాలి. పాత రబ్బరు పిన్నుకి అతుక్కుపోయి ఉంటుంది, గోటితో గీకి పూర్తిగా తీసేయాలి. చిన్న ముక్క మిగిలినా కొత్తది సరిగ్గా కూర్చోదు. కొత్త రబ్బరుని నీళ్లతో తడిపి, కన్నం దాటి, పిన్ను మీద లావుగా ఉండే చోటు దాకా ఎక్కించాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడేది. కన్నం మూసుకుంటే చాలుకదా అని మధ్యలో ఆపేస్తారు. నట్టు బిగించగానే రబ్బరు మడతపడి, రెండు రోజుల్లో మళ్లీ అదే కథ. జారడం కోసం నూనె రాయొద్దు, నూనె తగిలిన రబ్బరు తొందరగా ఉబ్బి పాడవుతుంది. పిన్నుకి పక్కన ఉండే చిన్న చెవి వాల్వు గొట్టంలోని గాడిలో కూర్చున్నాక నట్టు వేళ్లతో బిగిస్తే సరిపోతుంది.

ఈ వాల్వుతో ఇంకో చిక్కు, గేజీతో ఒత్తిడి కొలవలేం. టైరు పక్కన 300 కిలోపాస్కల్ అని రాసి ఉంటుంది గానీ ఆ అంకె తెలిసి చేసేదేమీ లేదు. సీటు మీద కూర్చున్నప్పుడు టైరు నేలకి ఆనే భాగం సుమారు 10 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోవడం నమ్మదగ్గ గుర్తు. అంతకన్నా ఎక్కువ పొడవున ఆనుతుంటే గాలి తక్కువైనట్టే.

తక్కువ గాలితో తొక్కితే ఏమవుతుందో చెప్పకపోతే ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. మెత్తటి టైరులో ట్యూబు కొద్దికొద్దిగా జరుగుతుంది. వాల్వు రిమ్ము కన్నంలో బిగిసి ఉంటుంది కాబట్టి అది జరగదు. వాల్వు ఒక పక్కకి వాలి కనిపించడం మొదటి హెచ్చరిక, తర్వాత వాల్వు అతికి ఉన్న చోటే ట్యూబు చిరుగుతుంది. అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. ముందు చక్రమైతే పర్వాలేదు. వెనకదైతే బ్రేకు, చైన్‌కేసు, స్టాండు, క్యారియర్ కాళ్లు, మడ్‌గార్డు కాళ్లు అన్నీ విప్పితేగానీ చక్రం బయటికి రాదు, మజూరీతో కలిపి కొన్ని వేల యెన్లు. వంద యెన్ల రబ్బరుని పట్టించుకోకపోతే తేలే బిల్లు అది.

ఇంతా తిట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. చాలా సైకిలు షాపుల ముందు గాలి ఉచితం. రెండు వారాలకోసారి అక్కడ ఆగి, ఏడాదికోసారి రబ్బరు మారిస్తే పైన రాసినదాంట్లో సగం మీ దాకా రాదు. రబ్బరే లేని పిన్నులూ అమ్ముతారు. ఏడాది కోసం అవి అవసరమా అంటే, నేనైతే రబ్బరే చాలంటాను.

ఏమీ చూసుకోనక్కర్లేని సైకిలని మమచరికి ఉన్న పేరు కూడా సగమే నిజం. నిండా మూసిన చైన్‌కేసు బట్టలకి మసి అంటకుండా కాపాడుతుంది, నిజమే. చైను సాగిందన్న సంగతి కూడా దాచేస్తుంది. గతుకుల్లో లోపల టకటక కొట్టుకుంటుంటే చైను బిగించే వేళైనట్టు. వెనక బ్యాండ్ బ్రేకు కొన్నాళ్లకి వీధంతా వినిపించేలా కీచుమంటుంది. దానికి మాత్రం చచ్చినా నూనె వేయకండి. కీచు ఆగుతుంది, బ్రేకూ ఆగుతుంది. చాలా సైకిళ్లలో దాని బదులు అదే ఇరుసు మీద అంతగా కీచుమనని సర్వో బ్రేకు బిగించుకోవచ్చు, షాపువాళ్లే చేసిపెడతారు.

కాగితాల్లో ఒక్కటి ముఖ్యం. ప్రతి సైకిలుకీ బోహన్ తోరోకు అనే దొంగతనాల నివారణ రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు స్టిక్కరు ఫ్రేముకి అంటించి ఉంటుంది. హోస్ట్ అన్నదో అక్కదో పాత సైకిలు ఇస్తే అది వాళ్ల పేరునే ఉంటుంది. రాత్రి లైటు వెలగలేదని పోలీసు ఆపి నంబరు చూస్తే ఇంకొకరి పేరు వస్తుంది, విదేశీ విద్యార్థికి అది అరగంట సంజాయిషీ. సైకిలు ఎవరిదో, ఎవరికిచ్చారో హోస్ట్ తల్లిదండ్రుల సంతకంతో రాసిన చీటీ, వాళ్ల ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుంటే సరి. 16 నిండినవాళ్లు రెసిడెన్స్ కార్డు ఎలాగూ వెంట ఉంచుకోవాల్సిందే. సైకిలుతో ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టే బీమా చాలా ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటివి) తప్పనిసరి. ఎక్స్ఛేంజ్ సంస్థ ఇచ్చిన బీమాలో అది ఉందో లేదో వెళ్లకముందే అడగాలి. అసలు సైకిలు తొక్కనిస్తారో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

గొడుగు పట్టుకుని తొక్కడం సినిమాల్లో బాగుంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 16 నిండినవాళ్లకి అక్కడికక్కడే జరిమానా చీటీ రాస్తున్నారు: గొడుగుకి 5,000 యెన్లు, చేతిలో ఫోనుకి 12,000. వానకోటు కొనుక్కోండి, బుట్టలో బ్యాగుకి వేరే కవరు కూడా.

తీసుకోవచ్చా అంటే, ఊరు చదునుగా ఉండి బడి 5 కిలోమీటర్ల లోపు ఉంటే తప్పకుండా. కొండల ఊళ్లో మూడు గేర్లు లేని మమచరి శిక్షే. హొక్కాయిదో లాంటి మంచు చోట చలికాలమంతా అది షెడ్డులోనే ఉంటుంది, బస్సు పాసు వేరే కొనాలి. మూడు నెలల ప్రోగ్రాం అయితే సొంతంగా కొనొద్దు, ఇంట్లో ఉన్నదే అడగండి. సొంతంగా కొన్నవాళ్లు తిరిగొచ్చే వారం దాకా ఆగకుండా ముందే రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఆ కాగితంతో సహా సైకిలు ఇంకొకరికి ఇవ్వాలి. తీసుకునేవాళ్లు దొరక్కపోతే అది పెద్ద చెత్త కింద లెక్క. మునిసిపాలిటీకి ఫోన్ చేసి తేదీ తీసుకుని, డబ్బు కట్టి కొన్న స్టిక్కరు అంటించి బయట పెట్టాలి, ఆ తేదీ వారాల తర్వాత దొరికే ఊళ్లూ ఉన్నాయి.