సేంద్రియ సాగుకు కొనే సరుకులు: చెల్క నేలల్లో ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

నల్లగొండ బత్తాయి తోటల్లో, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి చేలల్లో ఏళ్లుగా వాడిన సరుకుల మీద ఈ సమీక్ష. సంచి మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘ఆర్గానిక్’ అని ఉన్నంత మాత్రాన దానికి అనుమతి ఉన్నట్టు కాదు. ఎన్‌పీఓపీ (కేంద్ర ప్రభుత్వ జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) జాబితాలో కొన్ని నేరుగా వాడుకోవచ్చు, కొన్నింటికి షరతులున్నాయి. షరతులున్న సరుకైతే సర్టిఫికేషన్ సంస్థ సరే అన్నాకే సంచి విప్పాలి. బత్తాయి లాంటి తోటకు మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానాక సేంద్రియ గుర్తింపు వచ్చేదాకా ఆగాల్సిన కాలం, మూడేళ్లు. ఒక్క తప్పుడు డబ్బాతో ఆ లెక్క మళ్లీ మొదటికి రావచ్చు.

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ కల్తీ జరిగేదీ వేపపిండిలోనే (వేపగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క ఇది). గుప్పెడు పిండిని గాజు గ్లాసు నీళ్లలో కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇసుక, మట్టి కలిపి ఉంటే అడుగున వేరే పొరగా పేరుకుంటాయి. చేదు చూద్దామని నోట్లో మాత్రం వేసుకోవద్దు. ఆముదపు పిండి కలిసి ఉంటే అది విషం.

ఈ వేపపిండి అసలు విలువ ట్రైకోడెర్మాతో, అంటే తెగుళ్లు తెచ్చే బూజుల్ని అణిచే మంచి బూజుతో, కలిపినప్పుడే తెలుస్తుంది. బత్తాయిలో వేరుకుళ్లు రాకుండా మేము నమ్ముకున్నది ఇదే. బాగా చివికిన పశువుల పెంట 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి పొడి 2 కిలోలు. చెట్టు నీడన పరిచి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టాలు కప్పాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి కానీ నీరు కారకూడదు. వారం, పది రోజులకు పట్టా ఎత్తితే తెల్లటి బూజు, దాని మీద ఆకుపచ్చ పొడి అద్దినట్టు కనిపించాలి. అలా రాలేదంటే సాధారణంగా కారణం మూడింటిలో ఒకటి: పెంట పచ్చిది కావడంతో కుప్ప వేడెక్కింది, నీళ్లు ఎక్కువై కుళ్లు వాసన వచ్చింది, లేదా పొడిలోనే ప్రాణం లేదు. గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా పడున్న ప్యాకెట్‌లో అన్ని మిగలవు. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఆ దుకాణంలో సరుకు ఎక్కడ పెడతారో కూడా చూడండి.

వేపనూనె విషయంలో చాలామంది తప్పు నూనె మీద వేస్తారు, లోపం నీళ్లది. మన దగ్గర చాలా బోర్ల నీళ్లు గడుసువి, వాటిలో సబ్బు విరిగిపోతుంది. నూనె నీళ్లలో కలవక ట్యాంకు పైన తెట్టులా తేలుతుంది. దాంతో మొదటి సాళ్లకు నీళ్లు, చివరి సాళ్లకు నూనె పడి ఆకు మాడుతుంది. పైగా క్షార గుణమున్న నీళ్లలో అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం) త్వరగా చెడిపోతుంది, ఎండకూ నిలవదు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు, పిచికారీ సాయంత్రమే చేయాలి. ఖర్చు చూసినా, పనితనం చూసినా 5 శాతం వేపగింజల కషాయమే మాకు మెరుగనిపించింది. 5 కిలోల గింజల పప్పు దంచి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి 100 లీటర్లకు కలపాలి. కలవడానికి బట్టల సబ్బు పొడి వేయకండి, కుంకుడు రసం వాడండి.

వేప పురుగు తిండి మాన్పిస్తుంది, ఎదుగుదల ఆపుతుంది, అంతేకానీ వెంటనే చంపదు. అందుకే ‘బయో’ డబ్బా ఏదైనా సాయంత్రం కొడితే తెల్లారేసరికి పురుగు రాలిపోయిందంటే సంతోషించకండి, అనుమానించండి. లోపల చెప్పని రసాయనం ఉండవచ్చు, అవశేషాల పరీక్షలో పంట మొత్తం పోతుంది. పురుగును చంపుతుందని లేబుల్ చెబుతుంటే, 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు దాని మీద ఉండాలి. లేకపోతే కొనొద్దు. ఉన్నా బిల్లు, బ్యాచ్ నంబరు, ఏ మడిలో ఎంత కొట్టారన్నది డైరీలో రాసుకుని లేబుల్ అంటించి పెట్టండి.

కోళ్ల ఫారం ఎరువు చవకగా దొరుకుతుంది కానీ ఫ్యాక్టరీ తీరు పెంపకం నుంచి వచ్చిన ఎరువుకు ఒప్పుకోరు. పత్తిగింజల చెక్కతోనూ అదే తంటా. మన పత్తి దాదాపు అంతా బీటీ, జన్యుమార్పిడి పంట నుంచి వచ్చిన సరుకు సేంద్రియంలో నిషిద్ధం. పల్లికి జిప్సం మాత్రం తప్పనిసరి. ఎకరాకు 200 కిలోలు, ఊడలు (కొసన కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే ముందు, నేలలో తడి ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. లేకుంటే తాలు కాయలే. గని నుంచి తవ్విన జిప్సం అడిగి తీసుకోండి, ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిన ఫాస్ఫోజిప్సం కాదు.

బత్తాయి కాండం నుంచి బంక కారే తెగులుకు బోర్డో పేస్టు బాగా పనిచేస్తుంది, కానీ రాగి షరతులున్న సరుకు, ముందే అడగాలి. మైలుతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపాలి. మెరిసే ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రగా రాగి అంటిందంటే సున్నం చాలలేదు. గాలి తగిలి పాతబడిన సున్నంతో ఇలాగే అవుతుంది. కాండానికి పూసేది వానలకు ముందే పూసి, కారిన పేస్టు పాదులో పడకుండా చూసుకోండి. ట్రైకోడెర్మా పెంట తొలకరి తడి తర్వాతే వేయండి, రాగి తగిలితే ఆ బూజు దెబ్బతినవచ్చు.